తిల్ల చెట్టుకి మొగలి ముడి

తిల్ల చెట్టు సంగతి ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథకి తలా తోకా ఉండదు.

చూడ్డానికి అది పరమ సాధువు. ఉప్పునీటి పాయల పక్కన, మిగతా మడ చెట్ల మధ్య, బురదలో ఊరికే నిలబడి ఉంటుంది. ముల్లు లేదు, ఘాటైన వాసన లేదు. రాలబోయే ముందు ఆకులు ఎర్రబారితే ముచ్చటగా కూడా ఉంటుంది. గొడ్డలి దెబ్బ పడిందా, తెల్లటి పాలు చిమ్ముతుంది. ఆ పాలు ఒంటి మీద పడితే బొబ్బలు, కంట్లో పడితే చూపు పోతుంది. కొందరికి మళ్లీ వస్తుంది, కొందరికి రాదు. మరి అలాంటి దాని జోలికి పోవడం దేనికని అడుగుతారు. దాని కర్ర మహా తేలిక. వలలకి కట్టే బెండ్లు దాంతోనే చేస్తారు, అగ్గిపుల్లల కార్ఖానాకి దుంగలు దుంగలుగా పోతుంది. ఏదో ఒకందుకు పనికొస్తుందని తెలిశాక దేన్ని వదిలాం కనక, దీన్ని వదలడానికి.

ఆ పాయల్లో తిల్ల కర్ర కొట్టేది ఓ అక్కా తమ్ముడూ. తమ్ముడి అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ వాడు వసపిట్ట. పడవ తోస్తూ మాట్లాడతాడు, గొడ్డలి నూరుతూ మాట్లాడతాడు, మనుషులు దొరక్కపోతే పీతలతో మాట్లాడతాడు. నిద్రలో కూడా ఆపడని వాళ్లావిడ గోల. అక్క దానికి సరిగ్గా తలకిందులు. అడిగితే ఒక మాట, అడక్కపోతే అదీ లేదు. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆవిడే. పెళ్లయి ఏడాది తిరక్కుండానే తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అప్పట్నుంచీ తమ్ముడి ఇంటి వెనక గదిలో ఉంటోంది. ఇద్దరి వంతూ వాడే మాట్లాడేస్తాడు కాబట్టి ఇంట్లో మాటలకి కరువు రాలేదు.

పని మాత్రం సగం సగం. సముద్రం వెనక్కి తగ్గిన పాటు వేళ అక్క ముందు వెళ్తుంది. మొహానికి గుడ్డ చుట్టుకుని, చేతులకి కొబ్బరి నూనె పట్టించి, గాలి వీపుకి తగిలేలా నిలబడి, పొడుగు కర్రకి కట్టిన కత్తితో చెట్టు మొదట్లో, మోకాలి ఎత్తున, చుట్టూతా బెరడు ఒలుస్తుంది. దాన్ని ఉంగరం తీయడం అంటారు. ఉంగరం తీసిన చెట్టు కొన్ని వారాల పాటు పాలు కార్చి కార్చి ఎండిపోతుంది. తీసిన వెంటనే భుజం ఎత్తున ఒక మొగలి ఆకు కడుతుంది. ముళ్లు గీరేసిన ఆకు, రెండు చుట్లు తిప్పి, కొసని లోపలికి దోపిన ముడి. అది ఆవిడ ముడి, ఇంకెవరికీ అలా పడదు.

తమ్ముడి వంతు తర్వాత వస్తుంది. దుంగ తేలాలన్నా పడవ లోపలికి రావాలన్నా నీళ్లు నిండాలి కనక, వాడు పోటు వేళ వస్తాడు. అప్పటికి ఉంగరం నీళ్ల కింద ఉంటుంది. పైకి కనపడేది మొగలి ముడి ఒక్కటే. ముడి ఉందా, కొడతాడు. వంగి కింద చూసుకునేది లేదు. ఎందుకు చూసుకుంటాడు, కట్టింది అక్క.

తప్పు జరిగింది ఇలా. ఆ రోజు అక్క నడుముకి దోపుకున్న మొగలి ఆకులు అయిపోయాయి. చివరి చెట్టుకి ఉంగరం తీసి, ఆకు కోసం ఒడ్డున ఉన్న మొగలి పొదల దాకా నడిచింది. కోసి, కూర్చుని ముళ్లు గీరుకుని వచ్చేసరికి పోటు మొదలైంది. మోకాళ్లు దాటి నీళ్లు. అక్కడ రెండు తిల్లలు జంటగా ఉన్నాయి, ఒకే లావు, ఒకే వంపు, రెండిటి ఆకులూ ఎర్రగానే ఉన్నాయి. తను దేనికి ఉంగరం తీసిందో ఆవిడకి తెలుసు. తెలుసనే అనుకుంది. చేయి నీళ్లలోకి దించి తడిమితే తేలిపోయే సంగతి. తడమలేదు. కట్టి వచ్చేసింది.

వారాలు గడిచి, జంట తిల్లలు రెండూ ఆకులు రాల్చి మోడుల్లా ఒక్కలాగే నిలబడ్డాక, నిండు పోటు మీద ఇద్దరూ అక్కడికి వెళ్లారు. వసపిట్ట తొడల లోతు నీళ్లలో నిలబడి గొడ్డలి ఎత్తుతూ వాళ్లావిడ గురక గురించి వర్ణించి వర్ణించి చెబుతున్నాడు. అక్క కాస్త దూరంలో పడవలో కూర్చుని దుంగలకి తాడు బిగిస్తోంది. ఉన్నట్టుండి మాట ఆగింది. వాడి మాట ఆగడమే వింతగా తోచి తలెత్తింది. వాడు ఒక చేత్తో మొహం మూసుకుని వంగి ఉన్నాడు, రెండో చేయి నీళ్లలో చెట్టు మొదట్లో ఉంది. తర్వాత లేచి, గుడ్డిగా మాను పైకి తడుముకున్నాడు. అదంతా అయ్యాకే పిలిచాడు.

“అక్కా, నీళ్లు పట్రా. మంచినీళ్లు.”

ఆవిడ కంగారు పడలేదు. పడవ దగ్గరికి లాక్కొచ్చి, వాణ్ని పడుకోబెట్టి, తాగే నీళ్ల బిందె మొత్తం కళ్ల మీద పోసింది. బిందె అయిపోతే పడవలో ఉన్న కొబ్బరి బొండాలు ఒక్కొక్కటే కొట్టి పోసింది. వాడు పళ్లు బిగబట్టి వణుకుతూ ఉన్నాడు తప్ప అరవలేదు. ఇంకొకరైతే చెవి కోసిన మేకలా అరిచేవాళ్లే.

కళ్లాసుపత్రిలో డాక్టరమ్మ రెండు కళ్లకీ మందు వేసి కట్టు కట్టింది. “వెంటనే కడిగింది ఎవరు? మంచి పని చేశారు” అంది. అక్క తల ఊపింది. చూపు సంగతి కట్టు పూర్తిగా విప్పేదాకా చెప్పలేననీ, అప్పటిదాకా ఆకులూ పసర్లూ ఏవీ దగ్గరికి రానీయొద్దనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మరదలు పరుగున వచ్చింది, చెప్పులు కూడా వేసుకోలేదు.

“ఎలా జరిగింది?” అని అడిగింది.

“నాదే తప్పు. మాటల్లో పడి ముడి లేని చెట్టు కొట్టాను” అన్నాడు వసపిట్ట.

“ఆ నోటికి కాస్త కట్టు ఉంటే, ఈ కళ్లకి కట్టు పడేది కాదు” అంటూ మరదలు మంచం పట్టె మీద కూలబడి ఏడ్చింది. ఆ మాట ఎవరు విన్నా నమ్మేలాగే ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క కూడా నమ్మింది. తను కట్టిన చెట్టు వేరే అయ్యుంటుంది, వీడే మాటల్లో పడి పక్కదాన్ని కొట్టి ఉంటాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. తమ్ముడి కళ్లకి గుడ్డ చుట్టి ఉండగా తనకి హాయిగా అనిపించడమేమిటని తట్టనైనా తట్టలేదు.

ఆ హాయి మర్నాటి పాటు వేళ దాకానే. గొడ్డలి తెద్దామని వెళ్లింది. గొడ్డలి మానులో దిగబడే ఉంది. కింద బెరడు చెక్కు చెదరలేదు. పక్కనున్న జంట చెట్టుకి మోకాలి ఎత్తున ఉంగరం, పాలన్నీ కారిపోయి నల్లగా ఎండిపోయి ఉంది. ముడి మాత్రం దేనికీ లేదు. గొడ్డలి ఉన్న చెట్టుకి భుజం ఎత్తున బెరడు మీది పాచి రెండు చుట్ల మేర చెరిగిపోయి ఉంది. అక్క అక్కడ చాలాసేపు నిలబడింది. బురదలో పీతలు కన్నాల్లోంచి వచ్చి ఆవిడ కాళ్ల చుట్టూ తిరిగి మళ్లీ పోయాయి.

ఇంటికొచ్చి తమ్ముడి బట్టలు ఉతకబోతే చొక్కా జేబులో మొగలి ఆకు దొరికింది. పీకిన చోట చిరిగింది గానీ ముడి అలాగే ఉంది. రెండు చుట్లు, కొస లోపలికి. వాడు నీళ్లలో చేయి పెట్టి ఏం చేశాడో, మానుని ఎందుకు తడిమాడో అప్పుడు తెలిసింది. పాలు చిమ్మగానే ఉంగరం లేదని అర్థమై ఉంటుంది. తడిమి చూసుకున్నాడు. కళ్లు నిప్పుల్లా మండుతుంటే, నీళ్లు పట్రమ్మని పిలవడానికి ముందు, అక్క కట్టిన ముడి పీకి జేబులో దాచుకున్నాడు.

ఏదో ఒకటి అనిపిస్తుందని ఎదురుచూసింది. ఏడుపు రాలేదు. భయం కూడా రాలేదు. చొక్కా జాడించి, పిండి, తీగ మీద ఆరేసింది. ఆ తర్వాత గిన్నెలు తోమింది.

అక్కణ్నుంచి ఆవిడ రోజులు అలాగే నడిచాయి. పెట్టింది తినేది, ఏం తిన్నావంటే చెప్పలేకపోయేది. పడుకుంటే నిద్ర పట్టేది, అదే ఆవిడకి అసహ్యంగా ఉండేది. చాపలు అల్లడానికి మొగలి ఆకులు ముందేసుకుని కూర్చునేది. ముళ్లు గీరుతుంటే వేళ్లకి గుచ్చుకునేవి. “వదినా, రక్తం వస్తోంది” అని మరదలు చెబితే తప్ప చూసుకునేది కాదు.

ఇంటికి మాత్రం జనం తగ్గలేదు. కళ్లు పోయినవాడి ఇంట్లో సలహాలు పెట్టే పుణ్యం ఎవరు వదులుకుంటారు. ఒకరు మునగాకు పసరన్నారు. ఒకరు ఇసుక మీద పాకే ఊదాపూల తీగ నూరి కట్టమన్నారు. పిన్ని అయితే పొన్నగింజల నూనె సీసా చేత్తోనే పట్టుకొచ్చింది.

“నా మోకాళ్ల నొప్పి దీంతోనే పోయింది” అంది.

“పిన్నీ, నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి” అన్నాడు వసపిట్ట.

“పడవల సందులకి పూస్తే చుక్క నీరు దిగదురా. దీపం పెట్టుకోవచ్చు, గజ్జికి రాసుకోవచ్చు. కంటికి మాత్రం పనికిరాదా?”

“డాక్టరమ్మ వద్దంది పిన్నీ” అని మరదలు సీసా అందుకుని, మూత బిగించి, అటక మీద పెట్టేసింది. పిన్ని మొహం మాడ్చుకుంది గానీ కాఫీ తాగే వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అక్క గడ్డం పట్టుకుని, “పసివాడిగా ఉన్నప్పుడు ఎత్తుకు తిరిగావు, ఇప్పుడు చెయ్యి పట్టుకు తిప్పాల్సొచ్చింది. నీ ఖర్మ తల్లీ” అంది. అక్క కాఫీ గ్లాసు తీసుకెళ్లి కడిగింది.

చెప్పేయాలని ఉంది ఆవిడకి. ఉన్నదల్లా అదొక్కటే. అది కూడా కట్టు విప్పకముందే చెప్పాలి. చూపొచ్చాక చెబితే, పోనీలే అక్కా అనేస్తాడు, ఆ చెప్పడానికి విలువ ఉండదు. రాకపోతే ఇక ఏ మొహం పెట్టుకుని చెబుతుంది. వాడు దాచాడని తనకి తెలిసింది, తనకి తెలుసని వాడికి తెలియదు. ఈ ముడి మీద కూర్చుని ఒకే ఇంట్లో ఇద్దరూ అన్నాలు తింటున్నారు.

ఒక సాయంత్రం వసపిట్ట ఒడ్డుకి తీసుకెళ్లమని నసపెట్టాడు. ఇంట్లో గోడలు తనతో మాట్లాడటం లేదట. అక్క ఒక కర్ర తెచ్చి ఒక కొస వాడికిచ్చి, రెండో కొస తను పట్టుకుని ముందు నడిచింది.

“సరుగుడు తోపు వచ్చింది కదూ” అన్నాడు కాసేపటికి. “గాలికి ఈ ఈల అదొక్కటే వేస్తుంది. ఇక్కణ్నుంచే కదా మన ఇంటి దూలాలు తెచ్చాం. ఏరిన పుల్లలు నీకు, మోసిన వాసాలు నాకు.”

“ఊఁ” అంది అక్క.

కాలి కింద ఏదో టప్పుమని చిట్లింది. “పొన్నకాయ. పిన్ని నూనె ఇక్కణ్నుంచి బయల్దేరుతుందన్నమాట. రేపు ఇంకో సీసా తెస్తుంది చూడు.” ఇంకొంచెం నడిచాక ఇసుకలో తీగ పాదానికి చుట్టుకుంది. వంగి ఆకు తెంపి, మేక గిట్టలా చీలిన దాని కొసల్ని వేలితో తడిమాడు. “నాకు జెల్లీ చేప కుట్టినప్పుడు ఈ ఆకే నలిపి రాశావు. గుర్తుందా? నేను చచ్చిపోతానని వీలునామా కూడా చెప్పాను. నా గోళీలన్నీ నీకే అన్నాను.”

“గుర్తుంది.”

“తగ్గాక ఇవ్వలేదనుకో.”

ఆవిడ నవ్వాల్సిన చోటు అది. నవ్వు రాలేదు. కర్ర కొస వదిలి నిలబడింది. ఎదురుగా మొగలి పొదలు ఉన్నాయి, ఆ రోజు ఆకు కోసినవే. వాడికి కనపడవు గానీ ముందుకు చాచిన చేతికి ఆకు అంచు తగిలింది, ముల్లు గీరుకుంది. చేయి వెనక్కి తీసుకున్నాడు. వాడి మాట కూడా ఆగింది.

“ఒరేయ్” అంది అక్క. “ఆ రోజు ముడి…”

“ముడి లేదక్కా” అన్నాడు వాడు, ఆవిడ మాట పూర్తి కాకుండానే. “నేనే చూసుకోలేదు. అయిపోయిందేదో అయిపోయింది. పద, మంచు పడుతోంది. మీ మరదలు ఇల్లు పీకి పందిరేస్తుంది.”

మంచు గట్రా ఏమీ లేదు. ఎండ ఇంకా ఇసుక మీదే ఉంది. ఆవిడ కర్ర కొస మళ్లీ పట్టుకుంది. ఇంటిదాకా వాడు జీడిమామిడి గింజలు కాల్చేటప్పుడు చేతులు ఎలా బొబ్బలెక్కుతాయో, వాళ్ల మామగారు ఒకసారి ఎలా మూతి కాల్చుకున్నాడో చెబుతూనే ఉన్నాడు. ఆ మాటల మధ్య ఇంకొకరి మాట దూరే సందు లేదు. అది సందు లేకుండా చేయడానికేనని ఆవిడకి తెలుసు.

కట్టు విప్పిన రోజు ముగ్గురూ వెళ్లారు. డాక్టరమ్మ కుడి కన్ను ముందు తెరిపించింది. వాడు రెప్పలు ఆడించి, గోడ మీది పెద్ద అక్షరాలు చదివాడు, తర్వాత చిన్నవి చదివాడు. ఎడమ కంటికి వెలుగూ చీకటీ తేడా తెలిసింది, అంతే. అది అంతకంటే బాగుపడకపోవచ్చని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మరదలు ఏడుస్తూ నవ్వుతూ వాడి మొహం రెండు చేతులతో పట్టుకుంది.

“డాక్టరమ్మగారూ, ఈవిడ ఇంత దగ్గరగా ఉందేంటి, కట్టు మళ్లీ వేసేయండి” అన్నాడు వసపిట్ట. గదిలో అందరూ నవ్వారు.

అక్క గోడ పక్కన నిలబడి ఉంది. తమ్ముడికి ఒక కన్ను మిగిలిందని తెలుసు, ఒక కన్ను పోయిందని తెలుసు. రెండూ ఎవరో పక్కింటివాళ్ల సంగతుల్లా ఉన్నాయి. నేనేం మనిషిని అనుకుంది.

చాన్నాళ్లకి మళ్లీ పనిలో దిగారు. అప్పటికి అక్క పాటు వేళల్లో ఒక్కతే వెళ్లి ఉంగరాలు తీసి ఉంచింది. నడుముకి ఆకులు రెండింతలు దోపుకుంది. ఒక చెట్టుకి ఉంగరం తీశాక, ముడి వేసేదాకా చేయి దాని మీంచి తీయలేదు. వేశాక కూడా వంగి ఉంగరం చూసుకుంది, లేచి ముడి చూసుకుంది.

పోటు నిండుగా ఉన్న పొద్దున వసపిట్ట గొడ్డలి భుజాన వేసుకుని నీళ్లలోకి దిగాడు. ఎడమవైపు తెలియక ఒకటి రెండుసార్లు కొమ్మలకి కొట్టుకున్నాడు, వాటిని తిట్టుకున్నాడు. “నా పెళ్లానికి ఇప్పుడు ఎడమ పక్కన కూర్చుంటే భయం లేదక్కా, ఏం చేసినా కనపడదు” అంటూ మొదటి చెట్టు దగ్గరికి వెళ్లాడు. మొగలి ముడి కంటి ఎదురుగానే ఉంది. వాడు దాన్ని చూశాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడుతూనే కుడి చేయి నీళ్లలోకి పోనిచ్చాడు.

అక్క పడవలో తాడు సర్దుతోంది. చూసింది. ఇన్నేళ్లలో వాడి చేయి ఎన్నడూ నీళ్లలోకి వెళ్లలేదు.

గొడ్డలి పడింది, చెట్టు ఒరిగింది, పాల చుక్క లేదు. రెండో చెట్టు దగ్గరికి నడిచాడు. అక్కడా మాట ఆగలేదు, చేయి కిందికి వెళ్లింది. ఈసారి తలతిప్పితే అక్క తన చేతినే చూస్తోంది. వాడు గబుక్కున ఆ చేతిని నీళ్లలో అటూ ఇటూ ఆడించాడు, బురద కడుక్కుంటున్నవాడిలా. చేతికి బురదేమీ లేదు. రెండు చేతులూ చొక్కాకి తుడుచుకుని, తడమకుండానే గొడ్డలి ఎత్తాడు.

అప్పుడు నొప్పెట్టింది ఆవిడకి. ఇన్నాళ్లూ రానిదంతా ఆ క్షణానే ముంచుకొచ్చింది. వాడు తనని నమ్మనందుకు కాదు. నమ్మడం లేదని తనకి తెలియకూడదని, ఇంకోసారి కళ్లు పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడి నిలబడ్డందుకు.

“ఆగు” అంది. “గొడ్డలి దించు.”

“ఏంటక్కా?”

“ముడి నేనే తప్పు చెట్టుకి కట్టాను. తడిమి చూసుకోకుండా కట్టేశాను.”

“అక్కా, ఆ సంగతి…”

“నువ్వు మాట్లాడకు. పుట్టిన దగ్గర్నుంచీ నువ్వే మాట్లాడుతున్నావు. ఈ ఒక్కసారి నన్ను చెప్పనీ.” ఆవిడ చేతిలో తాడు వదిలేసింది. “నీ చొక్కా జేబులో దొరికింది. నువ్వు పీకి దాచావు. మొగలి పొదల దగ్గర చెప్పబోతే నోరు మూయించావు. నీ కన్ను నా వల్ల పోయింది. తడుముకో. నేను కట్టిన ప్రతి చెట్టూ తడుముకునే కొట్టు. నా ముందే తడుముకో, దాచుకోకు.”

వసపిట్ట గొడ్డలి దించాడు. మంచి కంట్లోంచి నీళ్లు కారాయి, రెండో కంట్లోంచి కూడా కారాయి. తుడుచుకోలేదు, చేతులు నూనెతో ఉన్నాయి. గొడ్డలి మానుకి ఆనించి, వంగి, భుజం దాకా చేయి ముంచి, చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు, మొదలుపెట్టిన చోటికి మళ్లీ వచ్చేదాకా.

“ఉందా?” అంది అక్క.

“ఉందక్కా.”

“చుట్టూతా ఉందా?”

“చుట్టూతా ఉంది.”

“అయితే కొట్టు” అంది ఆవిడ, కొంగుతో మొహం తుడుచుకుని.

తర్వాతి చెట్టు దగ్గరా వాడు తడిమాడు, ఆవిడ అడిగింది.